మొటిమ లేని పిస్టల్

మా వదినకి నేను మూడు కళ్ళజోళ్ళు చేసి ఇచ్చాను. మూడూ ఆవిడ బీరువా సొరుగులో నిద్రపోతున్నాయి. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే మనిషికి ఇంతకంటే తలవంపులు ఏముంటాయి చెప్పండి. ఊళ్ళో సగం మంది నేను అరగదీసిన అద్దాల్లోంచే పేపరు చదువుకుంటున్నారు. నా సొంత వదిన మాత్రం వాటిని తీసి పక్కన పడేసి, గురి చూసుకోవడానికి పిస్టల్ మీద ఏ ఆధారమూ లేకుండా, ఉత్త కళ్ళతో అట్ట మీద నల్లచుక్కని కొడుతుంది. ఆ మనిషిని చూసి కోపం తెచ్చుకోవాలో మురిసిపోవాలో తెలియదు. నాకైతే ముందు కోపమే వచ్చింది. నాకు ఏదైనా ముందు కోపమే వస్తుంది, ఆ తరవాతే మిగతావి.

వదిన పోస్టాఫీసులో పార్శిళ్ళ హాల్లో పనిచేస్తుంది. ముందు గదిలో స్టాంపులు అమ్మే పని కాదు, వెనకాల లారీలు వచ్చి ఆగేచోట. రేకుల కప్పు, అరిగిపోయి నున్నబడ్డ సిమెంటు నేల, ఎప్పుడూ అట్టపెట్టెల వాసన. ఆవిడ నిలబడేచోట చుట్టూ అర్ధచంద్రాకారంలో ఇనప చట్రాలు, వాటికి నోళ్ళు తెరుచుకుని వేలాడే గోనెసంచులు, ఒక్కో పేటకి ఒక్కో సంచి. పార్శిల్ అందుకుంటుంది, అడ్రసు చదువుతుంది, తలెత్తి సంచి నోటి వైపు చూస్తుంది, విసురుతుంది. పగిలే సామాను అని రాసి ఉంటే మాత్రం విసరదు, నడిచి వెళ్ళి పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టి వస్తుంది. హాల్లో అందరూ ఆవిడని విసురమ్మ అంటారు. ఆ పేరు విని మొదట్లో మా అన్నయ్య నొచ్చుకున్నాడు గానీ ఆవిడకి చీమ కుట్టినట్టయినా లేదు.

ఒకసారి ఆవిడ ఇంట్లో మర్చిపోయిన క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి, ఆ పని చూస్తూ అక్కడే నిలబడిపోయాను. ఎన్ని పార్శిళ్ళు విసిరిందో, ఒక్కసారి కూడా తన చెయ్యి వైపు చూసుకోలేదు. చూడకుండా ఎలా విసురుతున్నావని అడిగాను.

"చెయ్యెందుకు చూడటం? చెయ్యి నా దగ్గరే ఉంటుందిగా. దూరంగా ఉండేది సంచి" అంది.

అప్పుడు నవ్వుకుని వదిలేశాను. ఆ ఒక్క మాట తరవాత నా మూడు కళ్ళజోళ్ళనీ మింగేస్తుందని నాకేం తెలుసు.

వదిన మా ఇంటికి వచ్చేసరికి నేను బడికి వెళ్ళే పిల్లని. అమ్మా లేదు, నాన్నా లేడు. ఉన్నది అన్నయ్య ఒక్కడే. అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్ళో ఎత్తు మేడల్లో జనం మెట్లెక్కకుండా బతుకుతున్నారంటే మా అన్నయ్య చలవే, కానీ మా వంటింటి కుళాయి మాత్రం ఏళ్ళ తరబడి కారుతూనే ఉండేది. వచ్చిన కొత్తలోనే వదిన దాన్ని విప్పి బాగుచేసింది. ఆ తరవాత నా జడ, నా లెక్కలు, నా జ్వరాలు, అన్నయ్య తాళంచెవులు, అన్నీ ఆవిడ నెత్తిన పడ్డాయి. మా ఇంట్లో వెతకడం అనే అలవాటు లేదు. ఏది కనబడకపోయినా "వదినా" అని ఒక కేక వేస్తాం. ఆవిడ ఎంత పనిలో ఉన్నా తల తిప్పి మన వైపు చూస్తుంది, చూడటంతోనే సగం పని అయిపోయినట్టుంటుంది. ఇప్పుడు నేను పక్కవీధిలో వేరే వాటాలో ఉంటున్నాను, అయినా అదే వరస. ఇక్కడ నేను నాలుగుసార్లు దగ్గితే అక్కడ వాళ్ళ కిటికీ తెరుచుకుంటుంది.

అలాంటి మనిషికి పిస్టల్ ఎలా పట్టుబడిందంటే, క్యారమ్ బోర్డు పుణ్యమా అని. పోస్టాఫీసు వాళ్ళకి ఆటల క్లబ్బు ఒకటి ఉంది. వదిన క్యారమ్స్ ఆడదామని వెళ్ళింది. అక్కడ ఖాళీ లేదు, పిస్టల్ షూటింగ్‌లో ఒకరికి చోటుంది, చేరతావా అన్నారట. సరే అంది. ఖాళీ ఉన్నచోట కూర్చోవడం తప్ప ఆవిడకి అప్పటికి ఇంకో ఉద్దేశం లేదు.

ఆ షూటింగ్ జరిగేది పార్శిళ్ళ హాలు కిందే, పాత నేలమాళిగలో. మెట్లు దిగితే పొడుగాటి ఇరుకు గది. ఈ చివర వరసగా చెక్కబల్లలు, ఆ చివర అట్టలు తగిలించే చట్రాలు, వాటి వెనక ఇసుక నింపి గోడలా పేర్చిన చిరుగుల పోస్టు సంచులు. చెవులకి మూతలు పెట్టుకుంటే గానీ లోపలికి రానివ్వరు. కాల్చిన ప్రతిసారీ ఖాళీ అయిన తూటా తాలూకు చిన్న ఇత్తడి గొట్టం ఎగిరి నేలమీద పడి దొర్లుతుంది, కాసేపు తుపాకిమందు వాసన నిలుస్తుంది. వారానికి ఒక సాయంత్రం, ఒక గంట. ఆ గంట దగ్గరపడే కొద్దీ వదిన మొహం కళకళలాడిపోయేది. ఏముంది ఆ నేలమాళిగలో అని అన్నయ్య ఒకరోజు అడిగాడు.

"అక్కడ నన్నెవరూ పిలవరండీ. పిలిచినా వినబడదు, చెవులకి మూతలుంటాయి. ఆ గంటసేపు నేనూ ఆ నల్లచుక్కా, అంతే. నాకు ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను" అంది.

అన్నయ్య ఆ సాయంత్రాలు వంట తనే చూసుకోవడం మొదలుపెట్టాడు. ఆ వంట గురించి నేను మాట్లాడదలుచుకోలేదు.

క్లబ్బులో ఇంట్లోవాళ్ళు కూడా చేరొచ్చని తెలిశాక వదిన నన్నూ లాక్కెళ్ళింది. హాయిగా ఒక్కర్తీ ఉండే గంటలోకి నన్నెందుకు తీసుకెళ్ళిందో ఇప్పటికీ అడగలేదు. కోచ్ గారు రిటైరయిన పోస్ట్‌మాన్. జీవితమంతా సైకిలు తొక్కిన కాళ్ళు, గుసగుసలాంటి గొంతు. చెవులకి మూతలు పెట్టుకున్న జనానికి పాఠం చెప్పే మనిషికి ఆ గొంతు ఎవరిచ్చారో గానీ, ఆయన ఏది చెప్పినా రెండుసార్లు అడగాల్సి వచ్చేది. ఆయన చెప్పిందల్లా ఒకటే. పిస్టల్ గొట్టం ముందు కొసన చిన్న ఇనప బుడిపె ఉంటుంది, వెనకాల చిన్న గాడి ఉంటుంది. గాడి మధ్యలో బుడిపె సరిగ్గా కూర్చోవాలి, దాని నెత్తిన నల్లచుక్క ఆనాలి. బుడిపెని ఆయన మొటిమ అనేవారు. చుక్క కాస్త మసగ్గా ఉన్నా ఫరవాలేదు, మొటిమ మాత్రం స్పష్టంగా కనబడాలి. నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది. చూపుతో బతికే దుకాణం నాది, చూసి కొట్టమంటే చూసి కొడతాను. గొప్పగా కొట్టేదాన్ని కాదు గానీ, పద్ధతిగా కొట్టేదాన్ని.

చిక్కు వదినకి వచ్చింది. వయసు మీద పడే కొద్దీ కంటి లోపలి కటకం గట్టిపడుతుంది, దగ్గర్నుంచి దూరానికీ దూరం నుంచి దగ్గరికీ చటుక్కున మారలేదు. చేతిపొడవు దూరంలో ఉన్న మొటిమ వదినకి రెండు మొటిమల్లా, ఒక్కోసారి బూజులా కనబడటం మొదలైంది. ఇంకెవరికైనా అయితే ఒక కళ్ళజోడుతో పోయేది. కానీ మా క్లబ్బులో ఏటా ఒక పరీక్ష ఉంటుంది, ఆ పరీక్షలో తీరుబడిగా చూసుకునే వీలుండదు.

అది కాస్త వివరంగా చెప్పాలి. పరీక్షలో అట్టలు పక్కకి తిరిగి, మనకి అంచు మాత్రమే కనబడేట్టు నిలబడి ఉంటాయి. మోటారు వెయ్యగానే గిర్రున మనవైపు తిరుగుతాయి, మూడు సెకన్లు ఎదురుగా నిలబడి మళ్ళీ పక్కకి తిరిగిపోతాయి. ఆ మూడు సెకన్లలో కిందికి దించి ఉంచిన చెయ్యి ఎత్తి ఒక గుండు కొట్టాలి. అలా అయిదుసార్లు తిరుగుతాయి, అయిదు గుళ్ళూ పెద్ద వలయం లోపల పడాలి. ఒకటి తప్పినా ఫెయిలే. పక్కవాళ్ళ అట్ట మీద పడితే కొట్టినవాళ్ళకి అది సున్నా. ఒక్కో మోటారుకి రెండేసి అట్టలు కాబట్టి ఇద్దరిద్దరు పక్కపక్కన నిలబడి కొట్టాలి. మధ్యలో ఎవరి పిస్టల్ మొరాయించినా వాళ్ళు ఎడంచెయ్యి పైకెత్తాలి. అప్పుడు మోటారు ఆపి, కొత్త అట్టలు పెట్టి, ఇద్దరిచేతా మొదట్నుంచి కొట్టిస్తారు. చెయ్యి ఎత్తకపోతే అట్టమీద కనబడ్డ చిల్లులే లెక్క.

ఆ ఏడు వదిన ఫెయిలయింది. మొటిమ కోసం వెతుక్కుంటూ ఉండగానే అట్ట తిరిగిపోయింది. క్లబ్బు వాళ్ళు ఇంకొక్క అవకాశం ఇస్తారు, అందులోనూ తప్పితే చోటు వదులుకోవాలి, బయట చేరడానికి కాచుకుని ఉన్నవాళ్ళు చాలామంది. వదిన ఇంటికొచ్చి, బాగానే ఉన్న వంటింటి కుళాయిని విప్పి మళ్ళీ బిగించింది. మాకందరికీ అడగకుండానే అన్నీ అమర్చిన మనిషికి తనదంటూ ఉన్నది ఆ ఒక్క గంట. అది కూడా పోతుందంటే నేనెలా ఊరుకుంటాను.

అందుకని కళ్ళజోళ్ళ మీద పడ్డాను. మొదటి జోడుతో మొటిమ బ్రహ్మాండంగా కనబడింది, అట్ట ఎక్కడుందో కనబడలేదు. రెండో జోడుతో అట్ట కనబడింది, మొటిమ పోయింది. మూడోదానికి ఒక కంట్లో దూరం, ఒక కంట్లో దగ్గర పెట్టి, నా పనితనం అంతా అందులో పోశాను. అది పెట్టుకుని వదిన నేలమాళిగ మెట్లు దిగుతూ లేని మెట్టు మీద కాలేసి నా మీద పడింది. ఇద్దరం గోడకి కరుచుకుపోయాం. నాకు ముక్కుమీద కోపం ఉంటుందని చెప్పానుగా. తిన్నగా నడవడం కూడా చేతకాదా అన్నాను. ఆవిడ మామూలుగా నా కోపానికి నవ్వేస్తుంది. ఆరోజు నవ్వలేదు. జోడు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇంక చాలు పిల్లా. పోతే పోయింది. ఈ గంటయినా నన్ను నా ఇష్టానికి కొట్టుకోనీ" అంది.

బల్లమీద ఉన్న పిస్టల్ తీసుకుని, చెవులకి మూతలు బిగించుకుని, విసవిసా తన చోటుకి వెళ్ళి నిలబడింది. మోటారు వెయ్యమంది. అట్ట తిరిగింది, చెయ్యి లేచింది, పేలింది. మళ్ళీ తిరిగింది, మళ్ళీ పేలింది. మూడు సెకన్లలో ఒక సెకను కూడా వాడుకోవడం లేదు. అచ్చం హాల్లో పార్శిళ్ళు విసిరినట్టే. నేను ఇంకా ఉడుకుతూనే అట్ట దగ్గరికి లాగి చూశాను. అయిదు చిల్లులూ వలయం లోపలే, అందులో మూడు పక్కపక్కన ఉన్నాయి.

అప్పుడే కోచ్ గారు చేతిలో అగ్గిపెట్టె పట్టుకుని, బల్లకింద, కుర్చీకింద దేన్నో వెతుక్కుంటూ వచ్చారు. ఇక్కడ పెట్టిన పిస్టల్ ఏదని అడిగారు. వదిన చేతిలోది చూపించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వదిన అట్ట చూసి, అగ్గిపెట్టె తెరిచారు. అందులో దూది మీద మొటిమ ఉంది. మర వదులైతే ఊడదీసి, కొత్త మర కోసం లోపలికి వెళ్ళారట.

"మొటిమ లేదమ్మా దీనికి" అన్నారు.

"ఉందిగా" అంది వదిన. ఏడాదిగా అది ఆవిడకి ఎలాగూ కనబడటం లేదు, ఉన్నా లేనట్టే, లేకపోయినా ఉన్నట్టే. నేను నవ్వడం మొదలుపెట్టాను. చెవులకి మూతలుండటం వల్ల ఎంత గట్టిగా నవ్వుతున్నానో నాకు తెలియలేదు, పక్కవాళ్ళు కాల్చడం ఆపి చూశారు.

పిస్టల్ అలా బల్లమీద వదిలెయ్యడం తన తప్పేనని కోచ్ గారు చెంపలు వేసుకున్నారు. తరవాత వదినని కూర్చోబెట్టి, ఎటు చూసి కొట్టావని అడిగారు. చుక్కని చూశానంది. చెయ్యి చూడలేదా అంటే, చెయ్యి నా దగ్గరే ఉంటుందిగా అంది. ఆ మాట విని ఆయన చాలాసేపు నవ్వారు. ఈ పద్ధతి ఆయనకి కొత్తేం కాదు. ఆయన గురువు ఇలాగే కొట్టేవాడట, నేర్పాడు కూడా. కొత్తవాళ్ళు అశ్రద్ధగా తయారవుతారని ఈయన ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు వదినకి చెప్పారు. ఒళ్ళు మొత్తం చుక్కకి ఎదురుగా నిలబడాలి. పక్కకి కొట్టాలంటే మణికట్టు తిప్పకూడదు, పాదాలతో సహా మనిషే తిరగాలి. చెయ్యి కింద నుంచి తిన్నగా చూపు దాకా లేవాలి. ఎవరికైనా దారి చూపించేటప్పుడు వేలు చాపుతాం గానీ వేలిని చూసుకోం, అలాగే. చూపు మాత్రం అట్ట మొత్తం మీద కాదు, అందులో ఒకే ఒక్క చోట ఉండాలి.

"దీంట్లో ఒకటే చిక్కమ్మా. మొటిమ పెట్టుకుని కొట్టేవాళ్ళ చూపు కదిలితే గుండు కాస్త అటూ ఇటూ అవుతుంది. నీ చూపు కదిలితే చెయ్యి కూడా దాని వెంటే పోతుంది. నువ్వెటు చూస్తే గుండు అటే" అన్నారు.

మరి పరీక్షలో ఒప్పుకుంటారా అని నేను అడిగాను. చిల్లులు ఎక్కడ పడ్డాయో చూడమన్నారు గానీ కన్ను ఎక్కడ పెట్టిందో చూడమనలేదు కదా అన్నారు. నా కళ్ళజోళ్ళ కథ అలా ముగిసింది. సంతోషంగానే ఉంది గానీ, లోపల్లోపల కాస్త ఏడుపుగా కూడా ఉంది. ఆ మూడోది నిజంగా మంచి జోడు.

ఆ తరవాత పరీక్ష దాకా ఇంట్లో మాకు నిమ్మళం లేదు. కళ్ళు మూసుకుని చూపుడువేలు చాపి, కళ్ళు తెరిచి, అనుకున్నచోటే ఉందో లేదో చూసుకోమన్నారు కోచ్ గారు. వదిన ఒక చేత్తో గరిటె తిప్పుతూ రెండో చేత్తో స్విచ్చుకి, గడియారానికి, గోడమీద మరకకి వేలు పెట్టేది. ఎక్కువగా అన్నయ్య ముక్కుకి పెట్టేది. అన్నయ్య పేపరు దించేసరికి ఎదురుగా వేలు. నేనేం తప్పు చేశానే అనేవాడు పాపం. కొన్నాళ్ళకి తనకే సరదా పుట్టింది, పేపరు వెనక అటూ ఇటూ జరుగుతూ, ఇప్పుడు పెట్టు చూద్దాం అనేవాడు. ఎక్కడికి జరిగినా వేలు వెళ్ళి ముక్కు దగ్గరే ఆగేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ తన వైపు ఇంతసేపు ఎప్పుడూ చూడలేదని నాతో చెప్పుకుని మురిసిపోయాడు.

పరీక్ష నాడు జోడీలు కట్టేటప్పుడు వదిన పక్కన నన్ను నిలబెట్టారు. నా పరీక్ష కూడా మిగిలి ఉంది. ఇద్దరం చెవులకి మూతలు బిగించుకున్నాం. నాకు వదిన గురించే భయం. ఆవిడకి నా గురించి భయమని అప్పుడు నేననుకోలేదు.

అట్టలు తిరిగాయి. మొదటి గుండు నాది బాగా పడింది. రెండోదీ పడింది. నా కళ్ళజోడు, నా మొటిమ, నా గాడి, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చుంటున్నాయి, ఎప్పుడూ లేనిది చెయ్యి కూడా వణకడం లేదు. పక్కన వదిన పిస్టల్ నాది పేలేదాకా ఆగి పేలుతోంది. మూతల్లోంచి కూడా దడ్ దడ్ మని ఆ చప్పుడు ఒంటికి తెలుస్తుంది, ముందు నాది, వెంటనే ఆవిడది. మూడు, నాలుగు. అయిదోసారి అట్ట తిరిగింది. నేను మీట నొక్కాను. పేలలేదు. చూస్తే నాలుగో గుండు తాలూకు ఇత్తడి గొట్టం బయటికి రాకుండా పిస్టల్ నెత్తిన అడ్డంగా ఇరుక్కుపోయి ఉంది. మళ్ళీ నొక్కాను, ఏమీ లేదు. సరిగ్గా అప్పుడు, నేను కాల్చకుండానే, ఎదురుగా నా అట్ట ఉలిక్కిపడింది.

ఏం జరిగిందో నాకు చప్పున అర్థమైంది. నా వైపు నుంచి చప్పుడు రాకపోయేసరికి వదిన చూపు నా అట్ట మీదికి వచ్చింది. నాకేమైందో చూద్దామని వచ్చింది. చూపు ఎటు పోతే చెయ్యి అటు పోతుంది. ఆవిడ అయిదో గుండు నా అట్టలో ఉంది.

నేను మహాత్మురాలినేమీ కాదు, ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఆ క్షణంలో లెక్క నాకు పూర్తిగా తెలుసు. నా అట్టలో నావి నాలుగు మంచి చిల్లులు, ఆవిడది ఒకటి, మొత్తం అయిదు. చెయ్యెత్తకుండా ఊరుకుంటే నేను పాస్. వదినకి నాలుగే, ఆవిడ గంట పోయినట్టే. ఎత్తితే ఇద్దరం మళ్ళీ మొదటికి, నా చేతికి ఇంత మంచి రోజు మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. ఆ నాలుగు చిల్లుల మీద ఒక్క రవ్వ మమకారం కలిగిన మాట నిజం. చెయ్యెత్తాను.

మోటారు ఆగింది. కోచ్ గారు వచ్చి ఇరుక్కున్న గొట్టం తీసి చూపించి, ఇద్దరూ మళ్ళీ కొట్టాలన్నారు. కొత్త అట్టలు తగిలించేలోపు వదిన చెవి మీది మూత ఒకటి పక్కకి లాగి చెవిలో చెప్పాను.

"వదినా, నా వైపు చూడకు. నాకేం కాదు. ఈ ఒక్కసారి నీ సంగతి నువ్వు చూసుకో."

ఆవిడ తలూపింది గానీ నాకు నమ్మకం కుదరలేదు. ఇన్నేళ్ళ అలవాటు ఒక మాటతో పోతుందా. నా వైపు నుంచి చప్పుడు ఆగితే ఆవిడ కన్ను ఆగదు. ఆవిడ చేతిలో లేనిది అది. చప్పుడు ఆగకుండా చూడటం మాత్రం నా చేతిలో ఉంది.

మోటారు వేశారు. అట్ట తిరగ్గానే నేను మొటిమ కోసం చూసుకోలేదు, గాడి కోసం చూసుకోలేదు, ఎదురుగా ఉన్న అట్ట వైపు చెయ్యి చాచి వెంటనే దడ్ మనిపించాను, పక్కన ఆవిడదీ దడ్ మంది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. నాది పేలడం, వెన్నంటి ఆవిడది పేలడం. నా గుళ్ళు ఎక్కడ పడుతున్నాయో నాకు పట్టలేదు. నేనిక్కడే ఉన్నాను, బాగానే ఉన్నాను అని చెబుతున్నట్టుంది నాకు. నాలుగు. అయిదు. ఓరకంట చూశాను. వదిన మెడ ఒక్క పిసరు కూడా కదల్లేదు. తన అట్టనే చూస్తోంది. ఆ మొహంలో అంత ప్రశాంతత నేను ఎప్పుడూ చూడలేదు.

అట్టలు దగ్గరికి లాగారు. వదినవి అయిదూ వలయంలో ఉన్నాయి. కోచ్ గారు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, తనకే వినబడనంత మెల్లగా పాస్ అన్నారు. ఏమన్నారని వదిన అడిగింది, ఆయన మళ్ళీ చెప్పారు, ఆవిడ మళ్ళీ అడిగింది. చెవి మూతలు తియ్యడం మర్చిపోయింది. నేను తీశాను. అప్పుడు విని, బల్లమీద రెండు చేతులూ పెట్టి అలా నిలబడిపోయింది. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకోవాల్సినంత తడి మాత్రం ఉంది.

ఇక నా అట్ట. దాని మీద ఉన్నది ఒకే ఒక్క చిల్లు. మిగతా నాలుగూ ఇసుక సంచుల్లోకి పోయాయి. ఆ ఒక్కటీ మాత్రం నల్లచుక్క మధ్యలో ఉంది, మొటిమ పెట్టుకుని నేను ఎన్నడూ కొట్టలేనంత మధ్యలో. దాన్ని చూసి కోచ్ గారు నా వైపు అదోలా చూశారు. పద్ధతిగా కొట్టే నేను ఇలా తగలేశానని ఆయన బాధ. రెండో అవకాశం ఉందిగా, అప్పుడు చూద్దాం లెండి అన్నాను. అంతకుముందు తీసేసిన నా పాత అట్ట చెత్తబుట్టలో వెయ్యబోతుంటే మాత్రం అడిగి తీసుకున్నాను.

వీధిలో దీపాలు వెలిగే వేళకి ఇద్దరం ఇంటి దారి పట్టాం. బేకరీ దాటాక వదిన ఉన్నట్టుండి ఆగింది. చెయ్యెందుకెత్తావని అడిగింది. నాలుగూ బాగా పడ్డాయిగా, అయిదోది నాది వచ్చి పడింది, హాయిగా పాసయ్యేదానివిగా అంది. అంటే నీకు తెలుసా అన్నాను. తెలియకేం, కొట్టింది నేనేగా అంది. మరి నువ్వెందుకు నోరు విప్పలేదని నిలదీశాను. ఆవిడ నా వైపు చూడకుండా చేతిసంచి సర్దుకుంటూ చెప్పింది.

"ఎలాగూ పోయింది కదా, నీకైనా పనికొస్తుందిలే అనుకున్నా."

అంతే, నాకు ఒళ్ళు మండిపోయింది. నడివీధిలో నిలబెట్టి కడిగేశాను. ఏడాదిగా ఆ గంట కోసం నువ్వు పడ్డ పాట్లేంటి, నీకోసం నేను చేసిన జోళ్ళేంటి, తీరా చేతికొచ్చినదాన్ని నాకు దానం చేస్తావా, నేనడిగానా, నీకసలు బుద్ధుందా అని అన్నాను. ఇంకా చాలా అన్నాను. బేకరీ అతను కొట్టు కట్టెయ్యడం ఆపి విన్నాడు. మాటల మధ్యలో నాకే ఏడుపు వచ్చేసింది. వదిన అంతా విని, నా భుజం మీద చెయ్యేసి, సరే పద, మీ అన్నయ్య ఏం వండాడో ఏమో అంది. అన్నయ్య వండింది తిన్నాం. ఆరోజు అది కూడా బాగుంది.

నా రెండో అవకాశం వచ్చే నెల. ఈసారి మొటిమ చూసుకోవాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. వదిన మాత్రం నాచేత పొద్దస్తమానం గోడ గడియారానికి వేలు పెట్టిస్తోంది.

ఆ పాత అట్ట మా దుకాణంలో, చూపు పరీక్షకి పెట్టే అక్షరాల పటం పక్కన తగిలించాను. కుర్చీలో కూర్చున్న వాళ్ళందరి కళ్ళూ ముందు దాని మీదికే పోతాయి. నాలుగు చిల్లులు అటూ ఇటూగా వలయంలో ఉంటాయి, ఒకటి నట్టనడి మధ్య ఉంటుంది. ఎంత బాగా కొట్టారండీ, మధ్యది మీదేనా అని అడుగుతారు. కాదు, అది మా వదినది, తన అట్ట వదిలేసి నాకేమైందో అని చూసింది, అక్కడ పడింది అని చెబుతాను.